ముందు మెషీన్‌ను నిటారుగా నిలబెట్టండి, మోటారు సంగతి తరువాత

నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు వీడియో అంతా ఇదిగో, ఈ బెంచ్ డ్రిల్లింగ్ మెషీన్ మీదే.

జమ్మలమడుగు వైపు నుంచి ఒక తమ్ముడు ప్రశ్న పంపాడు. ఇంటి దగ్గరే గేట్లు, కిటికీ గ్రిల్లులు చేస్తాడు. ఊళ్లో వాళ్ల గుంటకలు, స్ప్రేయర్లు బాగుచేస్తాడు. అతను అడిగింది ఇది: "అన్నా, రెండు మిల్లీమీటర్ల రేకులో పది మిల్లీమీటర్ల బిట్టు దింపితే రంధ్రం గుండ్రంగా రావడం లేదు, మూడు మూలలతో వస్తోంది. ఫ్లాటులో, అంటే మందపాటి ఇనుప పట్టీలో వేస్తే గుర్తు పెట్టిన చోటు నుంచి పక్కకు జరుగుతోంది. నా మెషీన్‌కు ఉన్నది అర హార్స్‌పవర్ మోటారు. అది తీసేసి ఒకటిది పెట్టమంటారా?"

వద్దు తమ్ముడూ. మోటారు జోలికి ఇప్పుడే పోవద్దు. నువ్వు చెప్పిన రెండు లోపాల్లో ఏ ఒక్కటీ మోటారుది కాదు. పెద్ద మోటారు పెడితే అదే మూడు మూలల రంధ్రం ఇంకా వేగంగా పడుతుంది, అంతే. ఇంట్లో డ్రిల్లింగ్ మెషీన్ పెట్టుకున్న ప్రతివారికీ నేను చెప్పేది ఒకటే వరుస. ముందు మెషీన్ నిటారుగా, గట్టిగా నిలబడాలి. తరువాత పని జరిగే ముక్క కదలకుండా ఉండాలి. తరువాత వేగం సరిపోవాలి. మోటారు మార్చడం ఈ మూడూ అయ్యాక వచ్చే ముచ్చట. డబ్బు కూడా ఇదే వరుసలో ఖర్చు పెట్టండి.

ముందు ఆ మూడు మూలల సంగతి తేల్చేద్దాం. మనం వాడే మామూలు హై స్పీడ్ స్టీల్ బిట్టు మొన కోణం 118 డిగ్రీలు. ఆ లెక్కన 10 మిల్లీమీటర్ల బిట్టు మొన ఎత్తు దాదాపు 3 మిల్లీమీటర్లు. రేకు మందం ఎంత? రెండు. అంటే బిట్టు అంచులు రేకును తాకకముందే మొన అవతలికి దూరిపోయింది. ఇక బిట్టును మధ్యలో పట్టి ఉంచేది ఏమీ లేదు. దానికి ఉన్నవి రెండే కోత అంచులు. ఒకటి రేకులో ఆనుకుంటే రెండోది దాని చుట్టూ తిరుగుతుంది, తరువాత ఇది ఆనుకుంటే అది తిరుగుతుంది. ఇలా ఊగులాడుతూ కోయడంతో మూడు మూలల ఆకారం వస్తుంది. ఇరుసు వదులైన బండి చక్రం నడకే ఇది. మందపాటి ఫ్లాటులో ఇలా జరగదు, ఎందుకంటే మొన బయటపడే సరికి బిట్టు ఒళ్లంతా రంధ్రం గోడలను ఆనుకుని ఉంటుంది.

మందు ఏమిటంటే, రేకు కింద గట్టి వేప చెక్క పెట్టి, రెండింటినీ కలిపి మెషీన్ టేబుల్‌కు బిగించండి. మొన రేకు దాటాక చెక్కలో దిగి నిలదొక్కుకుంటుంది. వేగం తగ్గించండి. రేకు పని రోజూ ఉండేవారైతే స్టెప్ డ్రిల్ కొనండి, మెట్లు మెట్లుగా శంఖంలా ఉంటుంది. దానితో రేకులో వచ్చే రంధ్రం చూస్తే మళ్లీ మామూలు బిట్టు పట్టుకోబుద్ధి కాదు.

రెండోది, బిట్టు పక్కకు జరగడం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. అవి మెషీన్‌లోనే ఉన్నాయి కాబట్టి కింద నుంచి పైకి చూసుకుంటూ వెళ్దాం.

అన్నిటికంటే కింద ఉన్నది పీట, అంటే బెంచి. ఈ మెషీన్ బరువంతా తలలో ఉంటుంది. మోటారు, పుల్లీలు, బిట్టును తిప్పే ఇరుసు అయిన స్పిండిల్ అన్నీ పైనే. అడుగున బోల్టులు బిగించకుండా పీట మీద ఊరికే పెట్టి వాడితే ఏదో ఒక రోజు ముందుకు పడుతుంది. నేను దీన్ని కడప బండ మీద నిలబెట్టాను. మన జిల్లాలో ఉన్నవాళ్లకు ఇది భాగ్యమే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు క్వారీల నల్ల బండ దేశమంతా వంటింటి గట్లకు వెళుతోంది. బరువైనది, ఎండకు వానకు వంకర పోదు, చెక్కలాగా ఉబ్బదు, మెషీన్ అదురును కొంత మింగేస్తుంది. నా బెంచికి వాడింది 40 మిల్లీమీటర్ల మందం బండ.

అయితే బండ గుణం తెలుసుకుని వాడాలి. ఇది సున్నపురాయి. మీద నొక్కితే ఎంతైనా మోస్తుంది, వంచితే మాత్రం విరుగుతుంది. రెండు చివర్లు మాత్రమే ఆనించి మధ్యలో మెషీన్ పెడితే చీలిపోతుంది. అందుకే కింద 50 మిల్లీమీటర్ల L ఆకారపు ఇనుప యాంగిల్‌తో చట్రం చేసి, మెషీన్ అడుగు వచ్చే చోట సరిగ్గా రెండు అడ్డ యాంగిల్స్ వెల్డింగ్ చేయించాను. చట్రానికీ బండకూ మధ్య పల్చటి రబ్బరు షీటు పరిచాను, ఎక్కడా సందు లేకుండా ఆనుతుంది. బోల్టు రంధ్రాలు వేసేటప్పుడు హ్యామర్ మోడ్ ఆపేయండి. సుత్తి దెబ్బలు కొడుతూ పోతే పొరలు పొరలుగా ఉన్న రాయి కింది వైపు పెచ్చులు ఊడిపోతుంది. ఊరికే తిప్పుతూ, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా దింపాలి. ఆ పని చేతి డ్రిల్లుతో చేస్తుంటే నీళ్లు మోటారు వైపు పోకుండా చూసుకోవాలి. బోల్టులు బండ దాటి కిందికి వచ్చాక అక్కడ ఒక ఇనుప ఫ్లాటు పెట్టి దాని కింద నట్టు బిగించండి. నట్టు ఒత్తిడి నేరుగా రాతి మీద పడకూడదు.

ఇక్కడ ఒక మాట. చాలామంది రసమట్టం పెట్టి, బుడగ మధ్యలోకి వచ్చేదాకా తంటాలు పడతారు. బుడగ ఎక్కడున్నా రంధ్రానికి పట్టింపు లేదు. రంధ్రానికి సంబంధించింది స్పిండిల్‌కూ టేబుల్‌కూ మధ్య ఉన్న కోణం ఒక్కటే. కాబట్టి చూడవలసింది మెషీన్ అడుగు నాలుగు మూలలా ఆనుతోందా, ఊగుతోందా అని. ఒక మూల లేచి ఉంటే దాన్ని బోల్టుతో బలవంతంగా లాగి బిగించకండి. పోత ఇనుము మెలి తిరిగి, తలను మోసే స్తంభం వాలుతుంది. లేచిన మూల కింద ఎంత సందుందో అంత మందం రేకు ముక్క దూర్చి, అప్పుడు బిగించండి.

ఇక మెషీన్ శుభ్రం చేయడం. కొత్తదైతే తుప్పు పట్టకుండా చిక్కటి గ్రీజు పూసి పంపుతారు. పాతదైతే ఏళ్ల నాటి గ్రీజు, ఇనుప రజను కలిసి గట్టిపడి ఉంటాయి. రెండింటికీ కిరోసిన్ లేదా డీజిల్, పాత గుడ్డ చాలు. స్తంభం తుడిచి పల్చగా నూనె పూయండి. మన దగ్గర ఎండాకాలం దుమ్ము మామూలుగా ఉండదు, కాబట్టి స్తంభానికి గ్రీజు పూయవద్దు. దుమ్ము గ్రీజులో కలిసి ఆకురాయి పనిచేస్తుంది.

బిట్టును పట్టుకునే చక్ కూర్చునే టేపర్ దగ్గర మాత్రం తొందర వద్దు. టేపర్ అంటే సన్నబడుతూ వెళ్లే ఆకారం. టేపర్ రెండు వైపులా నూనె, దుమ్ము, చిన్న గాటు కూడా లేకుండా పొడిగా ఉండాలి. అది పట్టు నిలుపుకునేదే ఆ పొడితనంతో. నూనె పూసి ఎక్కిస్తే పనిలో ఉండగా చక్ జారి కింద పడుతుంది. ఎక్కించేటప్పుడు చక్ కీ తిప్పి మూడు దవడలనూ పూర్తిగా లోపలికి పంపండి, చక్ అడుగున చెక్క ముక్క పెట్టి సుత్తితో ఒకటి రెండు సార్లు తట్టండి. దవడలు బయటికి ఉండగా దెబ్బ కొడితే ఆ చక్ ఇక జన్మలో నిటారుగా తిరగదు.

ఇప్పుడు అసలు పరీక్ష. స్పిండిల్ నిటారుగా తిరుగుతోందా? దీనికి డయల్ గేజ్, అయస్కాంతపు స్టాండు కావాలి. వందో వంతు మిల్లీమీటరు చూపించే గేజ్ ఒకటి కొనుక్కోండి. కొనడం కుదరకపోతే దగ్గర్లోని లేత్ షాపులో అడగండి, పని లేని సమయంలో ఇస్తారు. చక్‌లో కొత్త 10 మిల్లీమీటర్ల బిట్టును తలకిందులుగా కాదు, మామూలుగానే బిగించి, దాని నున్నటి కాడ చక్ బయట కొంచెం కనిపించేలా ఉంచండి. గేజ్ మొన కాడను తాకాలి, గాడులను కాదు. ప్లగ్ తీసేసి, స్పిండిల్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం ఊగింది 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఇంటి పనికి నిశ్చింత. 0.1 దాటితే ఎక్కడో తేడా ఉంది.

ఎక్కడ ఉందో తెలుసుకునే పద్ధతి చెబుతాను. చక్‌ను ఊడదీసి నేరుగా స్పిండిల్ టేపర్ మీద గేజ్ మొన పెట్టి తిప్పండి. అక్కడ ముల్లు కదలకపోతే తప్పు చక్‌ది. కొత్త చక్ కొంటే సరిపోతుంది. ఇది ఈ మెషీన్‌కు చేయగల మార్పుల్లో డబ్బుకు తగిన ఫలితం వెంటనే చూపించేది. స్పిండిల్ దగ్గరే ముల్లు ఊగితే బేరింగులు చూడాలి. చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదపండి. టకటకమని ఆడితే బేరింగులు పోయినట్టే. బేరింగు మీద నంబరు రాసి ఉంటుంది, అదే నంబరుతో మంచి కంపెనీది తెచ్చి వేయండి. స్పిండిల్ వంగి ఉంటే మాత్రం లేత్ మనిషికి చూపించాలి.

కిందికీ పైకీ దిగే గొట్టం, దాన్ని క్విల్ అంటారు, అది పూర్తిగా దించినప్పుడు పక్కకు ఆడుతోందా చూడండి. కొన్ని మెషీన్లకు తల పక్కన ఒక చిన్న స్క్రూ, దానికి లాక్ నట్టు ఉంటాయి. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూను కొద్దికొద్దిగా బిగిస్తూ, క్విల్ ఆడకుండా, అలాగని పట్టేయకుండా ఉన్న చోట ఆపి నట్టు బిగించండి. దాని ఎదురు వైపు డబ్బాలాంటి మూత ఉంటుంది, అందులో హ్యాండిల్‌ను పైకి లాగే స్ప్రింగు చుట్టి ఉంటుంది. తెలియక ఆ మూత నట్లు విప్పితే స్ప్రింగు ఒక్కసారిగా విడిపోయి వేళ్లు తెగుతాయి. అవసరం ఉంటే తప్ప దాని జోలికి పోకండి. పోవలసి వస్తే తోలు గ్లవ్సు వేసుకుని, మూతను గట్టిగా పట్టుకుని, ఒక్కో గాడి మేరకే వదలండి. మెషీన్ ఆగి ఉన్నప్పుడు గ్లవ్సు సరే. తిరుగుతున్నప్పుడు వద్దు, ఆ సంగతి తరువాత చెబుతాను.

టేబుల్ సంగతి. టేబుల్ స్పిండిల్‌కు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉండాలి. మూలమట్టం పెట్టి చూస్తే పైపైన తెలుస్తుంది కానీ నాకు నమ్మకం ఉన్నది తీగ పద్ధతి. ఒక మందపాటి తీగను Z అక్షరంలా వంచి, ఒక చివర చక్‌లో బిగించండి. రెండో చివర స్పిండిల్ మధ్య నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో టేబుల్‌ను తాకీ తాకనట్టు ఉండాలి. చూడండి, చేత్తో తిప్పుతున్నాను. ఎడమ వైపు తాకింది. కుడి వైపు సందు ఉంది. ఆ సందులో ఫీలర్ గేజ్, అంటే మందం రాసి ఉన్న పల్చటి ఉక్కు ఆకుల కట్ట, అందులోని ఆకు ఎంతది దూరుతుందో చూస్తే తేడా తెలిసిపోతుంది. 200 మిల్లీమీటర్ల వృత్తానికి 0.1 మిల్లీమీటరు లోపు తేడా వస్తే చాలా బాగున్నట్టు. చూసే ముందు టేబుల్‌ను స్తంభానికి బిగించే లాక్ మాత్రం గట్టిగా బిగించాలి. లాక్ వదులుగా ఉండగా కొలిచిన కొలతకు విలువ లేదు.

ఎడమ కుడి వాలు సరిచేయడం సులభం, టేబుల్ కింద పెద్ద బోల్టు ఉంటుంది. వదులు చేసి తిప్పి బిగించడమే. ముందూ వెనకా వాలు సరిచేయడానికి చాలా మెషీన్లలో ఏ ఏర్పాటూ ఉండదు. టేబుల్‌కూ దాన్ని మోసే బ్రాకెట్‌కూ మధ్య పల్చటి ఇత్తడి రేకు ముక్క దూర్చి సరిచేయాలి. ఓపిక కావాలి. ఇంకొకటి, ఊరికే ఉన్నప్పుడు నిటారుగా ఉన్న టేబుల్ కూడా బిట్టును గట్టిగా నొక్కినప్పుడు ముందుకు వాలుతుంది. అందుకే పెద్ద రంధ్రాలు వేసేటప్పుడు టేబుల్ ముందు అంచు కింద ఒక చిన్న స్క్రూ జాకీ పెడతాను. పైపు ముక్క, పెద్ద బోల్టు, నట్టు ఉంటే వెల్డింగ్ షాపులో అరగంటలో అయిపోతుంది. ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు కూడా చేయలేని మేలు ఈ బోల్టు చేస్తుంది.

మెషీన్ నిలబడింది. ఇప్పుడు ముక్కను పట్టుకోవడం. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. మన దగ్గర ఏ చిన్న షాపులోకి వెళ్లినా ఫ్లాటు ముక్కను ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో హ్యాండిల్ దించేవాళ్లే కనిపిస్తారు. బిట్టు అవతలికి దూరే చివరి క్షణంలో అంచులు లోహంలో ఇరుక్కుంటాయి. అప్పుడు ముక్క మొత్తం బిట్టుతో పాటు తిరుగుతుంది. నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతున్న ఇనుప ముక్క అంచు చేతి మీద పడితే ఏమవుతుందో వర్ణించడం నాకు ఇష్టం లేదు. వైస్ కొనండి. వైస్‌ను కూడా టేబుల్‌కు బోల్టులతో బిగించండి. వైస్‌లో పట్టని పొడవైన ముక్క అయితే దాని ఎడమ చివర స్తంభానికి ఎడమ పక్కన ఆనేలా పెట్టండి. పై నుంచి చూస్తే స్పిండిల్ గడియారపు ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. ముక్క తిరగబోయినా ఎడమ చివర వెనక్కు వెళ్లి స్తంభానికి తగిలి ఆగిపోతుంది, మీ వైపు రాదు. దాన్ని కుడి పక్కన పెడితే ఆపేది ఏమీ ఉండదు.

గ్లవ్సు వద్దన్నది ఇందుకే. తిరిగే బిట్టు గ్లవ్సు దారాన్ని పట్టుకుందంటే వేలిని కూడా లాగేస్తుంది. మెడలో తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు, చున్నీ, ఏదీ వద్దు. కళ్లజోడు తప్పదు. చక్ కీని చక్‌లో వదిలి స్విచ్చి వేయడం ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి కీ చేతిలో నుంచి విడిచేది దాని కొక్కేనికి తగిలించడానికే అని అలవాటు చేసుకోండి. సుళ్లు తిరిగి వచ్చే ఇనుప రజనును చేత్తో లాగకండి, మెషీన్ ఆపి బ్రష్‌తో తీయండి.

బిట్టు పక్కకు జరగడానికి మిగిలిన కారణం గుర్తు సరిగా లేకపోవడం. సెంటర్ పంచ్‌తో లోతుగా ఒక గుంట కొట్టండి. ముందు 3 మిల్లీమీటర్ల బిట్టు దింపి, ఆ తరువాత 10 మిల్లీమీటర్లది దింపండి. పెద్ద బిట్టు మొన మధ్యలో ఉండే అడ్డగీత లోహాన్ని కోయదు, తోస్తుంది. చిన్న రంధ్రం ముందే ఉంటే ఆ గీతకు పని ఉండదు, ఒత్తిడి చాలా తగ్గుతుంది.

ఇక వేగం. నాకు ఈ మెషీన్‌లో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. బిట్టు అంచు నిమిషానికి ఎన్ని మీటర్లు కోస్తోంది అన్నదే అసలు వేగం. మామూలు ఇనుములో హై స్పీడ్ స్టీల్ బిట్టుకు నిమిషానికి 25 మీటర్లు మంచి లెక్క. దీన్ని చుట్లలోకి మార్చే సూత్రాన్ని మీకోసం చిన్నది చేస్తాను: 8000ను బిట్టు మిల్లీమీటర్లతో భాగించండి. 10 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి 800 చుట్లు. 4 మిల్లీమీటర్ల బిట్టుకు 2000. 13 మిల్లీమీటర్లకు 600 కంటే కొంచెం ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే 8000 బదులు 4000 వేసుకోండి. అల్యూమినియానికి 20,000 వేసుకోవచ్చు, మెషీన్ ఇవ్వగలిగినంతే తీసుకోండి.

మీ మెషీన్ ఎంత ఇస్తుంది? మోటారు ప్లేటు మీద 1440 అని ఉంటుంది సాధారణంగా, అంటే నిమిషానికి అన్ని చుట్లు. పైన మూత తెరిస్తే మెట్లు మెట్లుగా రెండు పుల్లీలు కనిపిస్తాయి. మోటారు పుల్లీ వ్యాసాన్ని 1440తో గుణించి, స్పిండిల్ పుల్లీ వ్యాసంతో భాగిస్తే స్పిండిల్ వేగం వస్తుంది. మోటారు వైపు 50, స్పిండిల్ వైపు 100 మిల్లీమీటర్లు ఉన్న మెట్టు మీద బెల్టు ఉంటే 720. పది మిల్లీమీటర్ల బిట్టుకు చక్కగా సరిపోతుంది. ఒక్కో మెట్టుకు ఈ లెక్క వేసి, మూత లోపల పెయింటుతో రాసిపెట్టండి. బెల్టు మార్చడానికి బద్ధకపడి అన్ని బిట్లూ ఒకే వేగంలో నడిపేవాళ్లే బిట్లు మాడ్చుకుంటారు. మొన నీలంగా మారిందంటే వేగం ఎక్కువైందని అర్థం.

స్టెయిన్‌లెస్ స్టీల్‌తో ఒక జాగ్రత్త. అది రాపిడికి గట్టిపడే గుణమున్న లోహం. బిట్టును ఊరికే ఆనించి తిప్పుతూ ఉంటే పై పొర బిగుసుకుపోయి ఇక ఏ బిట్టూ దిగదు. వేగం తక్కువ, ఒత్తిడి గట్టిగా, కట్టింగ్ ఆయిల్ ధారాళంగా ఉండాలి. రజను వస్తూనే ఉండాలి. రావడం ఆగితే వెంటనే బిట్టు పైకెత్తండి.

బెల్టు గురించి క్లుప్తంగా. నెలల తరబడి ఒకే మెట్టు మీద బిగించి వదిలేస్తే బెల్టు ఆ ఆకారంలోనే గట్టిపడి, తిరిగేటప్పుడు దడదడమంటుంది. వాడనప్పుడు వదులు చేసి ఉంచండి. బెల్టు మీద ఏ అక్షరం, ఏ అంకె ఉందో అదే రకం, అదే సైజు తెచ్చుకోండి. రెండు పుల్లీల మెట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో ఒక తిన్నని పట్టీ ఆనించి చూడండి.

ఇప్పుడు కరెంటు వైపు వద్దాం. మొదటి మార్పు మోటారు కాదు, స్విచ్చి. ఈ రకం మెషీన్లు చాలావాటికి గోడకు ఉండేలాంటి స్విచ్చే ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోయిందనుకోండి. మీరు బిట్టు మార్చడానికి చక్ దగ్గర చెయ్యి పెట్టారు. కరెంటు వచ్చింది. స్విచ్చి వేసే ఉంది. ఆ తరువాత చెప్పనక్కర లేదు. పొలంలో బోరు దగ్గర ఉండే ఎర్ర పచ్చ బటన్ల స్టార్టరు తెలుసు కదా, అదే ఇక్కడ కావాలి. కరెంటు పోగానే లోపలి కాయిల్ వదిలేస్తుంది, మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. కొనేటప్పుడు రెండు సంగతులు చెప్పి కొనండి. బోరుకు వాడేది మూడు ఫేజులది, మనకు 230 వోల్టుల కాయిల్ ఉన్న సింగిల్ ఫేజు స్టార్టరు కావాలి. అలాగే రైతులు కరెంటు రాగానే బోరు తనంతట తాను ఆడేలా ఆటో స్టార్టరు పెట్టించుకుంటారు. పొలంలో అది సౌకర్యం. ఇక్కడ మాత్రం అలాంటిది అసలు పెట్టవద్దు. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే రిలే స్టార్టరులో ఉంటుంది, దాన్ని మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకు సరిపెట్టండి. ఎర్ర బటన్ పెద్దదిగా, మోకాలికి అందేలా ఇంకొకటి కూడా పెట్టించుకుంటే చేతులు ఖాళీ లేనప్పుడు పనికొస్తుంది.

ఎర్తింగ్ మరిచిపోవద్దు. మన నేల ఎండితే ఎర్తింగ్ పనిచేయడం తగ్గిపోతుంది. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఉంటే సరిపోదు, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండాలి.

ఇవన్నీ అయ్యాక కూడా కోరిక తీరకపోతే, అప్పుడు మోటారు. అది కూడా ఊరికే పెద్దది కాదు. మూడు ఫేజుల ఒక హార్స్‌పవర్ మోటారు, దాన్ని ఇంటి సింగిల్ ఫేజు కరెంటుతో నడిపే వీఎఫ్‌డీ, అంటే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్. ఇది కరెంటు ఫ్రీక్వెన్సీని మారుస్తుంది, దానితో వేగం మారుతుంది. చిన్న బటన్ తిప్పితే వేగం తగ్గుతుంది, పెరుగుతుంది. వెనక్కు కూడా తిప్పవచ్చు, మరలు కోసే ట్యాపింగ్ పనికి అది వరమే. ఇప్పుడున్న కెపాసిటర్ మోటారును దీనికి తగిలించకండి, అది ఇందుకు తయారైంది కాదు.

మోటారు లోపలి మూడు చుట్టలను కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. మూడు ఫేజుల చిన్న మోటార్లు మన దగ్గర సాధారణంగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌తో వస్తాయి. సింగిల్ ఫేజు వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టులే. కాబట్టి డెల్టాకు మార్చాలి. టెర్మినల్ పెట్టెలో ఆరు తీగలు ఉంటే పట్టీలు మార్చితే అయిపోతుంది. మూడే ఉంటే స్టార్ ముడి లోపల ఉంది, దాన్ని విప్పి ఆరు తీగలూ బయటికి తేవాలి. ఆ పని మీరు చేయకండి. బోర్ల పుణ్యమా అని రివైండింగ్ షాపులు మన వైపు ఎక్కడ చూసినా ఉంటాయి. ఆ పనివాళ్ల చేతికి ఇవ్వండి, వాళ్లకు ఇది చిన్న పని. డెల్టాలో కరెంటు స్టార్‌లో కంటే 1.73 రెట్లు ఎక్కువ లాగుతుంది. వీఎఫ్‌డీలో ఓవర్‌లోడ్ హద్దును ఆ అంకె చూసే పెట్టాలి. వీఎఫ్‌డీకీ మోటారుకూ మధ్య ఏ స్విచ్చీ పెట్టకండి, నడుస్తుండగా ఆ తీగ తెంచితే వీఎఫ్‌డీ కాలిపోవచ్చు. కరెంటు వచ్చిన వెంటనే తనంతట తాను మొదలయ్యే సెట్టింగు ఉంటే అది ఆపేసి ఉందో లేదో చూసుకోండి. దుమ్ము లోపలికి పోకుండా, గాలి ఆడేలా పెట్టెలో గోడకు పెట్టండి. ఇనుప రజను లోపల పడితే దాని ఆయుష్షు అంతటితో సరి.

వీఎఫ్‌డీ వచ్చింది కదా అని బెల్టు మెట్లు తీసేయకండి. ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిస్తే వేగం సగమవుతుంది, కానీ మోటారు తిప్పే బలం పెరగదు. బెల్టుతో వేగం సగం చేస్తే స్పిండిల్ దగ్గర బలం రెట్టింపు అవుతుంది. పెద్ద బిట్లకు కావలసింది ఆ బలమే. పైగా మోటారు వెనక ఫ్యాను దాని షాఫ్టుతోనే తిరుగుతుంది కాబట్టి, వేగం బాగా తగ్గించి ఎక్కువ సేపు నడిపితే గాలి చాలక వేడెక్కుతుంది. నలభై డిగ్రీల ఎండలో రేకుల షెడ్డులో అది ఎంత దూరం పోతుందో ఆలోచించండి. బెల్టుతో దగ్గరి మెట్టు పెట్టుకుని, మిగిలిన తేడాకే వీఎఫ్‌డీ వాడండి.

చివరిది దీపం. బిట్టు మొన మీద నేరుగా వెలుతురు పడాలి. తలమీది ట్యూబులైటు వెలుతురులో మీ నీడే ముక్క మీద పడుతుంది. కానీ ఏ బల్బు పడితే అది పెట్టకండి. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి పాత ట్యూబులైట్లు, నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు, అంటే నిమిషానికి 6000 సార్లు వెలిగి తగ్గుతాయి. చక్‌కు దవడలు మూడు. స్పిండిల్ 2000 చుట్లు తిరుగుతుంటే దవడలు ఒకే చోటు నుంచి నిమిషానికి 6000 సార్లు దాటుతాయి. రెండూ కలిసిపోయి, తిరుగుతున్న చక్ ఆగి ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది. మోటారు మోత పక్క గ్రైండర్ మోతలో కలిసిపోయినప్పుడు, ఆగిందనుకుని చెయ్యి పెట్టేస్తారు. మంచి డ్రైవర్, అంటే బల్బుకు కరెంటును సరిచేసి ఇచ్చే లోపలి సర్క్యూటు, ఉన్న ఎల్‌ఈడీ అయితే ఈ బాధ లేదు. పరీక్ష కూడా సులభమే. ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి బల్బు వైపు చూపండి. వెలుతురు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తే ఆ బల్బును వరండాకు మార్చి, ఇక్కడ వేరేది బిగించండి.